నీట్ రానోళ్ల చదువు కాదది

పెండ్లిళ్ల సీజన్‌లో మన కరీంనగర్‌లో ఏ ఫంక్షన్ హాల్‌కు పోయినా, ఇంటర్ బైపీసీ అయిపోయిన ఆడపిల్ల కనబడితే చాలు, ఒకటే ప్రశ్న. "నీట్ ఎట్లచ్చింది బిడ్డా?" రాలేదంటే రెండో ప్రశ్న. "మల్ల రాస్తవా?" రాయను, డిగ్రీలో చేరుతున్న అని ఆ పిల్ల చెప్తే ఇక మూడో ప్రశ్న ఉండదు. "అయ్యో" అని ఒక్క మాట, ఆ తర్వాత విస్తట్లో ఏం వడ్డిస్తున్నారో చూడటమే. ఆ "అయ్యో" మీద నాకు చాన్నాళ్లుగా కోపం. ఇయ్యాల దాని గురించే రాస్తున్నా.

ఆ పిల్ల చేరబోయేది మైక్రోబయాలజీ కావచ్చు, బయోకెమిస్ట్రీ, బయోటెక్నాలజీ, లేదంటే మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ కావచ్చు. ఇవన్నీ కలిపి బయట బయోమెడికల్ సైన్స్ అంటారు. ఢిల్లీ యూనివర్సిటీలో ఆ పేరుతోనే డిగ్రీ ఉంది. మన కాలేజీల్లో మాత్రం అది ముక్కలు ముక్కలుగా వేరే వేరే పేర్లతో దొరుకుతుంది. మనిషి ఒంట్లో రోగం ఎట్లా పుడుతుంది, దాన్ని ఎట్లా కనిపెట్టాలి, మందు లోపలికి పోయి ఏం చేస్తుంది, ఇదీ ఆ చదువు. (మా ఆడబిడ్డ అది స్కానింగ్ మిషన్లు బాగుచేసే చదువనుకుంది. కాదు, అది బయోమెడికల్ ఇంజనీరింగ్. వేరే.) డాక్టర్ మన చేతిలో పెట్టే చీటీ వెనకాల ఒక రిపోర్టు ఉంటుంది. ఆ రిపోర్టు వెనకాల ఉన్న మనుషులు ఈ చదువు చదివినవాళ్లు. డాక్టర్ పేరు మనకు నోటికొస్తుంది, రిపోర్టు కింద సంతకం ఎవరిదో మనమెవ్వరం చూడం.

ముందు లెక్క చూద్దాం. 2024లో దేశం మొత్తం మీద నీట్ రాసినవాళ్లు 23 లక్షల పైనే. అందులో సగం కంటే ఎక్కువ ఆడపిల్లలే. ఎంబీబీఎస్ సీట్లు ప్రభుత్వానివి, ప్రైవేటువి అన్నీ కలిపినా లక్షా పదివేలకు అటూ ఇటూ. మన దగ్గర సీట్లు పెరిగిన మాట నిజమే. ఆదిలాబాద్‌లో రిమ్స్ 2008 నుంచి ఉంది. 2022లో జగిత్యాల, రామగుండం, మంచిర్యాలలో, 2023లో కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాద్‌లలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. సంతోషం. అయినా ఎంత లేదన్నా ఇరవై మందిలో పందొమ్మిది మందికి సీటు రాదు. అంటే రాకపోవడమే మామూలు సంగతి. మామూలు సంగతికి మనం ఇంట్లో మైల పాటించినట్టు పాటిస్తున్నాం.

మా అక్కవాళ్లది మంచిర్యాల. బావ సింగరేణి. వాళ్ల బిడ్డ ఇంటర్ అయినంక ఒకసారి, లాంగ్ టర్మ్ తీసుకుని హైదరాబాద్ హాస్టల్‌లో ఉండి ఒకసారి, మళ్లీ ఇంకోసారి నీట్ రాసింది. మార్కులు పెరిగినయ్, ర్యాంకు చాలలేదు. మూడో లాంగ్ టర్మ్‌కు పంపాలని అక్క పట్టుదల. నాకు ఫోన్ చేసి, "నువ్వు చెప్తే ఇంటది, ఇంకొక్కసారి రాయమని చెప్పు" అంది. నేను చెప్పలేదు. పిల్లతో మాట్లాడి, అక్కకే ఇంకో మాట చెప్పిన. మా ఇద్దరి మధ్య పది రోజులు మాటల్లేవు. "నీ బిడ్డైతే గిట్లనే అంటవా?" అని అడిగింది. అంటా. అందుకే ఇది రాస్తున్నా.

పిల్లతో ఏం మాట్లాడిన్నో చెప్పాలి. సికిల్ సెల్ అంటే ఏందే అని అడిగిన. టకటకా చెప్పింది. హిమోగ్లోబిన్‌లో బీటా గొలుసు, ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సిన చోట వాలీన్ ఉంటుంది, ఎర్ర రక్తకణం కొడవలి ఆకారంలోకి మారిపోతుంది. నీట్‌లో నాలుగు మార్కుల బిట్టు. మూడేండ్లలో ఆ బిట్టు వెయ్యిసార్లు పెట్టి ఉంటుంది. "మరి ఆ రోగం ఉన్నోళ్లను ఎప్పుడన్నా చూసినవా?" అంటే, "అది ఆఫ్రికాలో కదా చిన్నమ్మా" అంది.

ఆఫ్రికాలో కాదు. వాళ్లింటి నుంచి బస్సెక్కితే ఉట్నూరు ఎంత దూరం? ఉమ్మడి ఆదిలాబాద్‌లో గోండులు, కొలాములు, నాయక్‌పోడ్‌లు ఉండే గూడేల్లో ఆ రోగం తరతరాలుగా ఉంది. పిల్లలకు చేతులు, పాదాలు వాస్తాయి. కీళ్లల్లో, నడుంలో తట్టుకోలేని నొప్పి. కొడవలి లాగ వంగిన కణాలు సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుని రక్తం పోనియ్యవు, అదీ నొప్పి. మామూలు ఎర్ర కణం 120 రోజులు బతికితే ఇవి పది ఇరవై రోజుల్లోనే చచ్చిపోతాయి, అందుకే రక్తం నిలవదు. జ్వరమొచ్చినా, నీళ్లు తాగడం తగ్గినా, చలి పెరిగినా నొప్పి తిరగబెడుతుంది. ఆదిలాబాద్ చలి ఎట్లాంటిదో నేను చెప్పక్కర్లేదు. రాష్ట్రంలో అందరికంటే ముందు స్వెట్టర్లు తీసేది వాళ్లే.

ఇందులో ఆడవాళ్లకు సంబంధించిన సంగతి ఒకటుంది, దాని మీద కొంచెం ఎక్కువసేపు ఆగుతా. బిడ్డ ఎప్పుడూ రోగంతోనే ఉంటే మన ఊర్లల్లో ఎవరిని అంటారు? తల్లిని. కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నదో, ఎక్కడ తిరిగిందో, ఎవరి దిష్టి తగిలిందో. జన్యుశాస్త్రం చెప్పేది సూటిగా ఉంటుంది. ఈ జబ్బు పూర్తిగా రావాలంటే ఆ జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి రావాలి. ఒక్కరి నుంచే వస్తే ఆ మనిషి వాహకం మాత్రమే. మంచిగనే తిరుగుతుంటారు, పొలం పని చేస్తుంటారు, తెలియను కూడా తెలియదు. ఇట్లాంటి ఇద్దరు పెండ్లి చేసుకుంటే ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది బిడ్డకు జబ్బు రావడానికి. ప్రతి కాన్పులో అన్న మాట మళ్లీ చదవండి. మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి తర్వాత ముగ్గురూ మంచిగుంటారని కాదు. ప్రతిసారీ లెక్క మొదటి నుంచి మొదలవుతుంది. మేనరికం ఉన్న ఇండ్లల్లో ఇద్దరూ వాహకాలు అయ్యే అవకాశం ఇంకొంచెం ఎక్కువ. ఏ లెక్క చూసినా తండ్రి వాటా తల్లి వాటాతో సమానం. ఈ ఒక్క ముక్క అత్తగారికి అర్థమయ్యేట్టు చెప్పగలిగిన మనిషి ఆ గూడెంలో ఉంటే ఎంతమంది కోడండ్ల బతుకు మారేది!

మరి ఆ మనిషి ఎవరు? 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలైంది. 40 ఏండ్ల లోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని, 2047 కల్లా దీన్ని ఒక ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేయాలని లక్ష్యం. తెలంగాణ కూడా అందులో ఉంది. మొదటి పరీక్ష చిన్నదే. వేలి నుంచి చుక్క రక్తం తీసి ఒక ద్రావణంలో కలుపుతారు, అది మసకబారి గొట్టం వెనక గీతలు కనబడకుండా పోతే అనుమానం. కానీ ఆ పరీక్ష వాహకానికీ రోగికీ తేడా చెప్పదు. ఆరు నెలల లోపు పసిబిడ్డల్లో తప్పు చెప్పే ప్రమాదం కూడా ఉంది, ఎందుకంటే వాళ్ల ఒంట్లో ఇంకా కడుపులో ఉన్నప్పటి హిమోగ్లోబిన్ ఎక్కువగా ఉంటుంది. ఖాయంగా తేల్చాలంటే ఎలక్ట్రోఫోరెసిస్ చేయాలి, లేదంటే హెచ్‌పీఎల్‌సీ మిషన్ కావాలి. ఆ మిషన్ గీసిన గీత చదవడం రావాలి. చదివినంక ఆ తల్లికి గోండీలో చెప్పడం రావాలి. ఫలితం రాసిచ్చే కార్డులు ఉన్నయ్. కార్డు ఎవరైనా ఇస్తరు, చెప్పేవాళ్లు కావాలి. ఉట్నూరు, జైనూరు, సిర్పూర్ పిల్లలే ఈ చదువు చదివితే ఆ మాట ఇంట్లోని మాటలాగా ఉంటది. హైదరాబాద్ నుంచి వచ్చినాయన చెప్తే చెవిన పడదు.

ఇవన్నీ చెప్తుంటే మా పిల్ల నోరు తెరుచుకుని విన్నది. మూడేండ్లు బట్టీ పట్టిన బిట్టు తన జిల్లాలోనిదని ఒక్క లెక్చరర్ కూడా చెప్పలేదట. దాని తప్పేం లేదు. పరీక్షలో అది అడగరు మరి.

ఇప్పుడు కరీంనగర్‌కు వద్దాం. మన జిల్లా పేరు చెప్తే ఈ శాస్త్రంలో గుర్తొచ్చే రోగం బోదకాలు. ఆశ వర్కర్ ఇంటింటికీ తిరిగి ఇచ్చే డీఈసీ గోలీలు మీకు తెలిసినవే. 2004 నుంచి ఊరందరికీ ఒకేసారి ఇచ్చే పద్ధతి దేశంలో నడుస్తోంది. మనలో ఎంతమందిమి వాటిని "తర్వాత మింగుత" అని గూట్లో పెట్టినం? రోగం లేనోళ్లకు ఎందుకు అనేది మన వాదన. ఈ క్రిమి పిల్లలు రక్తంలో ఏ లక్షణం లేకుండానే తిరుగుతుంటాయి, దోమ ఆ రక్తం పీల్చి ఇంకొకరికి అంటిస్తుంది. గోలీ ఉబ్బిన కాలును తగ్గించడానికి కాదు, ఆ క్రిమి పిల్లలను చంపి ఇంకొకరి కాలు ఉబ్బకుండా ఆపడానికి. ఇంకో విచిత్రం, ఆ క్రిమి పిల్లలు పగటిపూట రక్తంలో దాదాపు కనబడవు. దోమ కుట్టే వేళకే పైకొస్తాయి. అందుకే బోదకాలు పరీక్షకు రాత్రిపూట, పది దాటాక రక్తం తీస్తారు. అర్ధరాత్రి వీధిలో స్లైడ్లు పట్టుకుని తిరిగే ఉద్యోగి ఎవరో, ఆ స్లైడ్ మైక్రోస్కోప్ కింద పెట్టి చూసేదెవరో ఎన్నడన్నా ఆలోచించామా?

ఆ డీఈసీ మందు ఎవరి చేతి మీదుగా వచ్చిందో తెలుసా? మన తెలుగాయన, ఎల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్ మూడోసారికి పాసయ్యారు. (మూడోసారికి! లాంగ్ టర్మ్ తల్లులారా, సంతోషపడకండి, ఆగండి.) మద్రాస్ మెడికల్ కాలేజీలో చదువుతూ ఖద్దరు కట్టి సర్జరీ ప్రొఫెసర్ కోపానికి గురై, ఎంబీబీఎస్ బదులు అంతకంటే తక్కువైన ఎల్‌ఎంఎస్ పట్టాతో బయటపడ్డారు. ఆ తర్వాత అమెరికా పోయి హార్వర్డ్‌లో చేసింది ల్యాబ్ పని. రక్తంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతిని ఫిస్క్ అనే ఆయనతో కలిసి 1925లో కనిపెట్టారు. కణాలకు శక్తినిచ్చే ఏటీపీని గుర్తించడంలో ఆయన చెయ్యి ఉంది. 1940 నుంచి లెడర్లీ కంపెనీలో ఆయన నడిపించిన పరిశోధనల్లోంచి వచ్చినవే బోదకాలుకు డీఈసీ, క్యాన్సర్‌కు మెథోట్రెక్సేట్. మనలో కీళ్లవాతానికి వారానికోసారి వేసుకునే గోలీ పేరు ఒకసారి అట్ట మీద చూడండి, చాలామందికి అదే మెథోట్రెక్సేట్. 1948లో, యాభై మూడేండ్లకే పోయారు. బయోకెమిస్ట్రీ చదివే పిల్లలు ఇప్పటికీ ఫిస్క్–సుబ్బారావు పద్ధతి అని రికార్డులో రాసుకుని ప్రాక్టికల్ చేస్తారు. నీలం రంగు ఎంత ముదిరితే అంత ఫాస్ఫరస్. ఆయన పేరు చెప్పి అందరూ సుబ్బారావులు అవుతారని నేననను. తెల్లకోటు వేసుకుని మెడలో స్టెతస్కోప్ పెట్టుకున్నవాళ్లే ప్రాణాలు కాపాడుతారన్న మన గుడ్డి నమ్మకానికి ఆ గోలీ అట్టే జవాబు, అంతే.

2020 మార్చి మర్చిపోయారా? దేశంలో అందరికంటే ముందు ఇంటింటి సర్వేలు, బారికేడ్లు చూసినవాళ్లలో మన కరీంనగర్‌వాళ్లం ఉన్నాం. అప్పుడు మన నమూనాలు హైదరాబాద్ పోయి రిపోర్టు వచ్చేదాకా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాం. ఆర్టీపీసీఆర్ అన్న మాట కూరగాయలమ్మే అవ్వ కూడా నేర్చుకుంది. అది చేసే పిల్లలు ఏం చదివారని మాత్రం ఎవ్వరం అడగలేదు. రోగం పోయింది, మళ్లీ "అయ్యో, బీఎస్సీనా" మొదలైంది.

ఇదంతా విని, సరే మా పిల్లను కూడా చేర్పిస్తాం అనేవాళ్లకు ఒక్క మాట. కళ్లు మూసుకుని చేర్పించకండి. మైక్రోబయాలజీ అని బోర్డు మీద ఉండి, లోపల మైక్రోస్కోపులు బీరువాలో తాళం వేసి ఉన్న కాలేజీలు ఉన్నయ్. ప్రాక్టికల్ రికార్డు సీనియర్ది చూసి రాయించే చోట మూడేండ్లు కూర్చుంటే మనం "అయ్యో" అనడంలో తప్పుండదు. దోస్త్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు ఒకరోజు కాలేజీకి పోండి. చీర కొనేటప్పుడు అంచు తిప్పి చూసే మనం, మూడేండ్ల చదువుకు గేటు కూడా దాటకుండా క్లిక్ చేస్తామా? ల్యాబ్ చూపించమని అడగండి. ఆటోక్లేవ్ నడుస్తుందా, పిల్లలు స్వయంగా స్లైడ్ తయారు చేస్తారా, రెండో సంవత్సరం పిల్లనే పక్కకు పిలిచి అడగండి, నిజం చెప్తుంది. ఆస్పత్రి ల్యాబ్‌లో ఉద్యోగమే లక్ష్యమైతే మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ దగ్గరి తొవ్వ. అది కాళోజీ హెల్త్ యూనివర్సిటీ కింద నడుస్తుంది, దానికి నీట్ ర్యాంకు అక్కర్లేదు. ఆ ఉద్యోగాలకు పారామెడికల్ బోర్డు రిజిస్ట్రేషన్ అడుగుతారు కాబట్టి, చేరే ముందే పాత ల్యాబ్ టెక్నీషియన్ నోటిఫికేషన్ ఒకటి తీసి అర్హతల పేజీ చదవండి. ఎవరో చెప్పింది నమ్మకండి, నేను చెప్పింది కూడా.

జీతాల గురించి తియ్యగా చెప్పను. చిన్న ప్రైవేటు ల్యాబుల్లో ఇచ్చేది తక్కువ, నిలబడే గంటలు ఎక్కువ. ఉత్త డిగ్రీతో ఆగిపోతే కష్టమే. ఎమ్మెస్సీకి సీపీగెట్ రాసి, ఆ తర్వాత సీఎస్‌ఐఆర్–యూజీసీ నెట్‌లో జేఆర్‌ఎఫ్ వస్తే పీహెచ్‌డీ చేస్తూనే 2023 నుంచి నెలకు 37,000 ఫెలోషిప్. హబ్సిగూడలో 1977 నుంచి ఉన్న సీసీఎంబీ లాంటి చోట్ల పరిశోధన చేసేవాళ్లు ఆ తొవ్వలో పోయినవాళ్లే. దూరం ఉంది, కష్టం ఉంది. కానీ లాంగ్ టర్మ్‌లో మూడేండ్లు పోసే ఫీజులు, హాస్టల్ ఖర్చు లెక్కేసుకుని మాట్లాడండి. ఆ మూడేండ్లలో డిగ్రీ అయిపోతుంది.

అసలు అడ్డం అక్కడ లేదు, నాకు తెలుసు. "రక్తాలు, మూత్రాలు ముట్టుకునే పని, లగ్గమెట్ల అయితది?" మా అక్క కూడా చివరికి ఇక్కడికే వచ్చింది. డాక్టర్ కూడా అవే ముట్టుకుంటడు కదా అక్కా అంటే, "డాక్టర్ వేరు" అంటది. ఏం వేరో చెప్పదు. మా అత్తమ్మకు షుగరు. మూడు నెలలకోసారి రక్తం తీయడానికి వచ్చే అమ్మాయి రాకపోతే ఫోన్ మీద ఫోన్ చేసేది ఈమెనే. అట్లాంటి పిల్లను కోడలు చేసుకుంటవా అంటే మౌనం. ఆ పని చేసే చెయ్యి కావాలి మనకు, ఆ చెయ్యి మన ఇంట్లో అన్నం వడ్డించకూడదు. బాలింత గదిలో, ముసలోళ్ల మంచం దగ్గర అంతకంటే ఎక్కువే ముట్టుకున్న ఆడవాళ్లం మనం. మనకు ఈ ఏవగింపు ఎక్కడి నుంచి వచ్చింది?

ఇంకో అడ్డం దూరం. కరీంనగర్‌కు 2008 నుంచి శాతవాహన యూనివర్సిటీ ఉంది. ఆదిలాబాద్ కాలేజీలకు మాత్రం వరంగల్‌లోని కాకతీయనే దిక్కు. బాసరలో ట్రిపుల్ ఐటీ ఉంది కానీ అది ఇంజనీరింగ్. ఆసిఫాబాద్ పిల్ల లైఫ్ సైన్సెస్‌లో పీజీ చేయాలంటే ఇల్లు వదలాల్సిందే. మగపిల్లవాడైతే సంచీ సర్ది పంపుతాం. ఆడపిల్లకు మాత్రం సీటు వచ్చినంక, హాస్టల్ ఎట్లుందో, ఎవరు తోడుపోతారో అని చూస్తుండగానే రిపోర్ట్ చేసే తేదీ దాటిపోతుంది. జిల్లాకో మెడికల్ కాలేజీ ఇచ్చిన ప్రభుత్వం వాటి పక్కనే ఆడపిల్లలకు భద్రమైన హాస్టళ్లతో ఈ కోర్సుల సీట్లు పెంచితే, అడవి జిల్లాల పిల్లలకు మొదటి వరుసలో చోటిస్తే ఏం పోయింది? మిషన్లు కొనడానికి టెండర్లు పిలుస్తారు, మిషన్ ముందు కూర్చునే పిల్లను తయారు చేయడానికి ఏ టెండరూ లేదు.

మా అక్క బిడ్డ దోస్త్ రెండో విడతలో ఆప్షన్లు పెట్టింది. మొదటిది మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ ఉన్న గ్రూపు. ఇంకో పక్క మెడికల్ ల్యాబ్ టెక్నాలజీకి కూడా దరఖాస్తు చేసుకుంది, ఏది ముందొస్తే అది. అక్క ఇంకా పూర్తిగా మెత్తబడలేదు. బావ మాత్రం ఉట్నూరు తొవ్వల ఆ పరీక్షలు ఎక్కడ చేస్తరో కనుక్కోమని నాకే పని చెప్పిండు. కనుక్కుంటున్నా.